బార్సిలోనా నుంచి ఏథెన్స్‌కి ఎంత దూరం, ఎంతసేపు? మీరే లెక్క కట్టుకోండి

బార్సిలోనాలో చదువుకుంటున్న మా మేనల్లుడు సెలవులకి ఏథెన్స్ వెళ్దామని టికెట్లు చూసి, నాకు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఇదేంటి? ఉదయం పదింటికి బయల్దేరితే మధ్యాహ్నం 1:50కి దిగుతుందట. వచ్చేటప్పుడు పదింటికి ఎక్కితే 12:10కే దింపేస్తారట. తిరుగు విమానం అంత స్పీడా?"

"వచ్చేదే నెమ్మదిరా. ఇరవై నిమిషాలు ఎక్కువ పడుతుంది" అన్నాను. వాడికి ఇంకా అయోమయం పెరిగింది.

దూరం ఒక్కటే గానీ సమయాలు నాలుగు రకాలు. గాల్లో ఉండేది ఒకటి, గేటు నుంచి గేటుకి పట్టేది ఒకటి, గడియారంలో కనిపించేది ఇంకొకటి, మన గుమ్మం నుంచి హోటల్ గుమ్మం దాకా పట్టేది మరొకటి. ఇదే ప్రయాణానికి ఒకచోట 2 గంటల 20 నిమిషాలని, ఇంకోచోట 2:50 అని, టికెట్ మీద చూస్తే 3:50 అని కనిపిస్తుంది. మూడూ నిజమే. ఏది దేని లెక్కో తెలియకపోతేనే టెన్షన్. కాగితం, పెన్ను, ఫోన్‌లో కాలిక్యులేటర్ పక్కన పెట్టుకోండి. మధ్యధరా సముద్రం చుట్టూ ఏ రెండు విమానాశ్రయాలకైనా ఈ లెక్క పనికొస్తుంది. బార్సిలోనా–ఏథెన్స్ జంటతోనే చేసి చూపిస్తాను.

మొదటి పని: ఏ విమానాశ్రయమో తేల్చుకోండి

ఊరి పేరు చాలదు, విమానాశ్రయం కోడ్ కావాలి. బార్సిలోనా ప్రధాన విమానాశ్రయం ఎల్ ప్రాట్, దాని కోడ్ బి.సి.ఎన్. ఏథెన్స్‌ది ఏ.టి.హెచ్., నగరానికి తూర్పున స్పాటా దగ్గర 2001లో మొదలైంది. బార్సిలోనాకి ఉత్తరాన జిరోనా, నైరుతిలో రెయుస్ అని ఇంకో రెండు విమానాశ్రయాలున్నాయి. రెండూ బస్సులో గంటకు పైగా దూరమే అయినా, చవక విమానాల వాళ్లు వాటినీ బార్సిలోనా పేరు తగిలించి అమ్మిన రోజులున్నాయి. రోమ్‌కి ఫ్యుమిచీనో, చాంపీనో రెండూ ఉన్నాయి. ఇస్తాంబుల్‌లో కొత్త విమానాశ్రయం యూరప్ వైపు, సబీహా గోక్చెన్ ఆసియా వైపు. 2019 ఏప్రిల్ ముందు నాటి ట్రావెల్ గైడ్ చదువుతుంటే అందులోని అతాతుర్క్ విమానాశ్రయాన్ని మర్చిపోండి, ప్రయాణికుల విమానాలు ఇప్పుడు అక్కడికి రావు.

ఇంకో చిక్కు కూడా ఉంది. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక ఏథెన్స్ ఉంది. వెనిజులాలో ఒక బార్సిలోనా, ఒక వలెన్సియా ఉన్నాయి. దూరం చెప్పే యాప్‌లో ఊరి పేరు కొట్టి మొదట కనిపించింది నొక్కేస్తే, అట్లాంటిక్ దాటించి వేల కిలోమీటర్లు చూపిస్తుంది.

రెండో పని: అక్షాంశ రేఖాంశాలు రాసుకోండి

ఫోన్‌లో మ్యాప్ తెరిచి, రన్‌వే మధ్యలో వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మనకు కావలసినవి ఇవి:

ఎల్ ప్రాట్: ఉత్తరం 41.297, తూర్పు 2.078
ఏథెన్స్: ఉత్తరం 37.936, తూర్పు 23.944

ఈ రెండు అంకెలు రాసుకోవడంలోనే ఎక్కువ మంది తప్పు చేస్తారు. కొన్నిచోట్ల ఎల్ ప్రాట్ అక్షాంశాన్ని 41 డిగ్రీల 17 నిమిషాల 49 సెకన్లు అని ఇస్తారు. దాన్ని 41.17 అని రాసేసుకుంటే తప్పు. గడియారంలో 41 గంటల 17 నిమిషాలను 41.17 గంటలు అంటే ఎంత తప్పో ఇదీ అంతే. 17ని 60తో, 49ని 3600తో భాగించి 41కి కలపాలి. అప్పుడు 41.297 వస్తుంది.

రెండో తప్పు తూర్పు, పడమరలది. సున్నా రేఖాంశమైన గ్రీనిచ్ రేఖ స్పెయిన్ మధ్యధరా తీరాన్ని కోసుకుంటూ కాస్టెయ్యోన్ పట్టణం మీదుగా పోతుంది. దానికి పడమరన ఉన్న వలెన్సియా, అలికాంటే, మాలగాల రేఖాంశాలకు మైనస్ గుర్తు పెట్టాలి. మాలగా విమానాశ్రయం రేఖాంశం పడమర 4.499. అక్కణ్ణుంచి ఏథెన్స్‌కి తేడా కావాలంటే 23.944లోంచి 4.499 తీసెయ్యకూడదు, రెండూ కలపాలి. ఆ గుర్తు మర్చిపోతే దాదాపు 800 కిలోమీటర్ల సముద్రం మాయమైపోతుంది.

మూడో పని: కాగితం మీద దూరం

విమానాలకీ ఓడలకీ కొలత నాటికల్ మైలు. అది 1.852 కిలోమీటర్లు. ఈ వింత అంకె ఎందుకంటే, అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక నాటికల్ మైలు అవుతుంది. అంటే ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ జరిగితే 60 నాటికల్ మైళ్లు. ఇది భూమి మీద ఎక్కడైనా దాదాపు అంతే.

తూర్పు పడమరల సంగతి వేరు. పుచ్చకాయ మీది చారలు చూడండి, నడుము దగ్గర ఎడంగా ఉండి కొసలకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. రేఖాంశాలూ అలాగే. శంషాబాద్ దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం 57 నాటికల్ మైళ్లు ఉంటే, ఎల్ ప్రాట్ దగ్గర 45 మాత్రమే. ఎంత తగ్గాలో అక్షాంశం కొసైన్ చెబుతుంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్ లేకపోతే ఈ అంకెలు చాలు: 35 డిగ్రీలకు 0.819, 36కి 0.809, 38కి 0.788, 40కి 0.766, 42కి 0.743, 44కి 0.719. మధ్యధరా విమానాశ్రయాల్లో చాలా వరకు ఈ పరిధిలోకే వస్తాయి.

ఇక లెక్క. అక్షాంశాల తేడా 41.297 – 37.936 = 3.361. దాన్ని 60తో గుణిస్తే 201.7 నాటికల్ మైళ్లు. ఇది దక్షిణంగా జరిగే దూరం.

రేఖాంశాల తేడా 23.944 – 2.078 = 21.866. 60తో గుణిస్తే 1312. దీన్ని సగటు అక్షాంశం కొసైన్‌తో తగ్గించాలి. రెండు అక్షాంశాల సగటు 39.6, దాని కొసైన్ 0.770. గుణిస్తే సుమారు 1010.6. ఇది తూర్పుగా జరిగే దూరం.

ఒకటి దక్షిణంగా, ఒకటి తూర్పుగా. లంబకోణ త్రిభుజం తయారైంది, పదో తరగతి పైథాగరస్ ఇక్కడికొచ్చి పనికొచ్చాడు. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 1030.6 నాటికల్ మైళ్లు. 1.852తో గుణిస్తే దాదాపు 1909 కిలోమీటర్లు.

నాలుగో పని: సరిచూసుకోవడం

పైన మనం భూమిని బల్లపరుపుగా అనుకున్నాం. గుండ్రటి భూమి మీద అతి దగ్గరి దారిని గ్రేట్ సర్కిల్ దూరం అంటారు. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే అది పరుచుకునే గీత అన్నమాట. దాని సూత్రం మాటల్లో ఇది: రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి. రెండు అక్షాంశాల కొసైన్‌లు, రేఖాంశాల తేడా కొసైన్, ఈ మూడింటినీ గుణించండి. ఈ రెండు లబ్ధాలూ కూడండి. వచ్చినదానికి విలోమ కొసైన్ తీస్తే డిగ్రీల్లో కోణం వస్తుంది, దాన్ని 60తో గుణించండి.

మన అంకెలకి మొదటి లబ్ధం 0.4057, రెండోది 0.5499, మొత్తం 0.9556 చిల్లర. కోణం 17.13 డిగ్రీలు. దూరం 1028 నాటికల్ మైళ్లు, అంటే 1904 కిలోమీటర్లు. మన పెన్ను లెక్కకీ దీనికీ తేడా నాలుగైదు కిలోమీటర్లే! భూమి అచ్చంగా బంతి కాదు, నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి వేర్వేరు యాప్‌లు ఈ దూరాన్ని నాలుగైదు కిలోమీటర్లు అటూ ఇటూగా చూపిస్తాయి. దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

కాలిక్యులేటర్ డిగ్రీల్లో ఉందో రేడియన్లలో ఉందో ముందే చూసుకోండి. సైన్ 30 నొక్కితే 0.5 రావాలి. ఇంకేమైనా వస్తే రేడియన్లలో ఉన్నట్టు. ఎక్సెల్‌లో చేసేవాళ్లు డిగ్రీలను ముందు రేడియన్లలోకి మార్చుకోవాలి, ఎక్సెల్‌కి డిగ్రీలు అర్థం కావు.

మరి పెన్ను లెక్కే చాలు కదా, సూత్రం ఎందుకు? మధ్యధరా లోపల చాలు. అదే పద్ధతిలో హైదరాబాద్ నుంచి ఏథెన్స్‌కి లెక్కేస్తే 3152 నాటికల్ మైళ్లు వస్తుంది, సూత్రంతో 3102. యాభై మైళ్లు, అంటే తొంభై కిలోమీటర్ల పైచిలుకు తేడా. దూరం పెరిగేకొద్దీ బల్లపరుపు భూమి మోసం చేస్తుంది.

1904 కిలోమీటర్లంటే ఎంతో మనసుకి పట్టాలంటే ఇంకో జంటకి లెక్క కట్టి చూడండి. శంషాబాద్ 17.240, 78.430. శ్రీనగర్ 33.987, 74.774. నాకు 1024 నాటికల్ మైళ్లు వచ్చింది. అంటే బార్సిలోనా నుంచి ఏథెన్స్ వెళ్లడం దూరంలో హైదరాబాద్ నుంచి కశ్మీర్ వెళ్లడమే. ఒకటి దేశాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి చీల్చుకుంటూ పోతే, ఇంకోటి సార్డీనియా ఉత్తర భాగం మీదుగా, టిరేనియన్ సముద్రం దాటి, ఇటలీ బూటు మడమకీ వేళ్లకీ మధ్య కలాబ్రియా ఉత్తరాన్ని తాకి, అయోనియన్ సముద్రం మీదుగా లెఫ్కాదా ద్వీపం దగ్గర గ్రీసులోకి అడుగుపెడుతుంది. కిటికీ సీటు దొరికితే వదలకండి. రోడ్డు మీద ఇదే ప్రయాణం బాల్కన్ దేశాలు చుట్టుకుని మూడు వేల కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఓడ మీదైతే బార్సిలోనా నుంచి రోమ్ దగ్గరి చివితావెక్కియాకే దాదాపు ఇరవై గంటలు.

ఈ దూరంతో డబ్బు సంబంధం కూడా ఉంది. విమానం బాగా ఆలస్యమైతే ప్రయాణికులకు పరిహారం ఇవ్వాలని యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 261 నంబరు నిబంధన చెబుతుంది. అందులో పరిహారం టికెట్ ధరని బట్టి కాదు, దూరాన్ని బట్టి. 1500 కిలోమీటర్ల లోపు 250 యూరోలు, యూనియన్ లోపలే అంతకు మించితే 400. కొలిచేది గ్రేట్ సర్కిల్ దూరమే. ఏథెన్స్ నుంచి సైప్రస్‌లోని లార్నాకాకి మన పద్ధతిలో 930 కిలోమీటర్లు వస్తుంది, కాబట్టి 250. బార్సిలోనా–ఏథెన్స్ 400 కిందికి వస్తుంది. మధ్యలో ఇంకో ఊళ్లో విమానం మారి వెళ్లినా సరే, ఒకే బుకింగ్ అయితే మొదటి ఊరికీ చివరి ఊరికీ మధ్య నేరుగా ఉన్న దూరమే లెక్క అని 2017లో యూరప్ న్యాయస్థానం తేల్చింది. తుఫాను లాంటి విమాన సంస్థ చేతిలో లేని కారణాలకు ఈ పరిహారం రాదు.

ఐదో పని: దారిలో వంకరలు కలపండి

విమానం దారం గీసినట్టు పోదు. లేచేటప్పుడు గాలికి ఎదురుగా లేచి, అప్పుడు తిరగాలి. దారిలో సైన్యం వాళ్ల పరిధులు తప్పించుకోవాలి. ఆకాశంలో ముందే పేరు పెట్టిన బిందువుల మీదుగా పోవాలి. ఎట్నా అగ్నిపర్వతం బూడిద చిమ్మితే సిసిలీ చుట్టుపక్కల దారులు మారతాయి. దిగేటప్పుడు వరస కోసం తిరగాలి. నేనైతే నేరు దూరానికి నాలుగు శాతం కలుపుతాను. 1028కి కలిపితే సుమారు 1070 నాటికల్ మైళ్లు. చిన్న దూరాలకు ఇంకా ఎక్కువ శాతం కలపాలి, ఎందుకంటే మలుపులు అవే ఉంటాయి, దారే చిన్నది.

ఏథెన్స్ విషయంలో ఒక మాట. అక్కడి రెండు రన్‌వేలూ ఈశాన్యం నుంచి నైరుతికి ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద మెల్టెమి అనే ఉత్తరపు గాలి రోజుల తరబడి వీస్తుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి, పడమటి నుంచి వచ్చింది కాస్తా నైరుతి వైపుకు చుట్టి తిరిగి, అప్పుడు నేల మీదికి వస్తుంది. ఊరు కనిపిస్తూనే ఉంటుంది, దింపడం మాత్రం అయిదు పది నిమిషాల తర్వాతే.

ఆరో పని: వేగం

ఈ దారుల్లో తిరిగేవి ఎక్కువగా ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 కుటుంబాలు. ధ్వని వేగంలో 78 శాతం దగ్గర పోతాయి. 35,000 అడుగుల ఎత్తున చలి మైనస్ 54 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి ధ్వని కూడా అక్కడ నెమ్మదే. అందులో 78 శాతమంటే గంటకు 450 నాటికల్ మైళ్లు, అంటే 830 కిలోమీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలును నాట్ అంటారు, కాబట్టి 450 నాట్లు.

1070ని 450తో భాగిస్తే 2 గంటల 23 నిమిషాలు.

గ్రీకు ద్వీపాలకి మాత్రం టికెట్‌లో విమానం పేరు చూడండి. ఏటీఆర్ 72 అని ఉంటే అది రెక్కల ముందు పంకాలు తిరిగే విమానం, 270 నాట్లకు మించి ఆశించకండి. అయినా భయపడేంత తేడా రాదు. ఏథెన్స్ నుంచి శాంటొరీనికి 118 నాటికల్ మైళ్లే. జెట్ అయితే పదహారు నిమిషాలు, ఏటీఆర్ అయితే ఇరవై ఆరు. పది నిమిషాల కోసం టికెట్ మార్చుకోవడం నాకైతే దండగ అనిపిస్తుంది.

ఏడో పని: అరగంట కలపండి

శాంటొరీని పదహారు నిమిషాలా అని ఆశ్చర్యపోతే, ఆ అనుమానం న్యాయమైనదే. ఏ విమానమూ గేటు దగ్గరే 450 నాట్లు అందుకోదు. వెనక్కి నెట్టాలి, రన్‌వే దాకా దొర్లాలి, వరసలో ఆగాలి. పైకెక్కడానికే ఇరవై నిమిషాలు. పది వేల అడుగుల లోపు మామూలుగా 250 నాట్లు మించకూడదు. దిగేటప్పుడూ అదే తంతు, ఆ తర్వాత మళ్లీ గేటు దాకా దొర్లుడు. వీటన్నిటికీ కలిపి ఒక అరగంట వేసుకోండి. దూరం ఎంతైనా ఈ అరగంట మారదు. చిన్న ప్రయాణాల్లో ఇదే అసలు ప్రయాణం.

మాల్టా నుంచి సిసిలీలోని కటానియాకి చూడండి. నూరు నాటికల్ మైళ్లు, 186 కిలోమీటర్లు. 450 నాట్లతో పదమూడు నిమిషాల దూరం. టికెట్ మీద మాత్రం ముప్పావు గంట, యాభై నిమిషాలు ఉంటుంది. అదే మాల్టా రాజధాని వలెట్టా నుంచి సిసిలీ దక్షిణ కొస పొట్జాలోకి వేగంగా పోయే ఓడ గంటా నలభై అయిదు నిమిషాల్లో చేరుస్తుంది. విమానానికి రెండు గంటల ముందు వెళ్లాలన్న సంగతి గుర్తు చేసుకుంటే, ఇక్కడ ఓడదే గెలుపు.

మన ప్రయాణానికి 2:23కి అరగంట కలిపితే 2 గంటల 53 నిమిషాలు. ఇది గేటు నుంచి గేటుకి.

ఎనిమిదో పని: గాలి ఎటు వీస్తోంది?

మేనల్లుడికి చెప్పిన ఇరవై నిమిషాల రహస్యం ఇక్కడుంది. మధ్యధరా ఉండే అక్షాంశాల్లో పై ఎత్తున గాలి ఎక్కువ రోజులు పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది. చలికాలంలో ఇంకా గట్టిగా. తూర్పుకు పోయే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది, పడమటికి పోయేదాన్ని ఎదుర్కొంటుంది. కృష్ణలో ఏటి వాలుకు పడవ వేసినవాడికీ, ఎదురీదినవాడికీ ఉన్న తేడానే.

గాలి 40 నాట్లు అనుకుందాం. ఏథెన్స్ వైపు పోయేటప్పుడు నేల మీద లెక్కకి వేగం 490. 1070ని 490తో భాగిస్తే 2:11. తిరిగొచ్చేటప్పుడు 410. భాగిస్తే 2:37. అరగంట కలిపితే పోవడం 2:41, రావడం 3:07. ఒకే దూరం, ఒకే విమానం, ఇరవై ఆరు నిమిషాల తేడా! టైమ్‌టేబుల్‌లో రోజుకో సమయం వెయ్యలేరు కాబట్టి, విమాన సంస్థలు సీజన్ మొత్తానికీ సగటు చూసి, ఆలస్యమైందన్న మాట రాకుండా ఇంకో అయిదు పది నిమిషాలు అదనంగా కలిపి ముద్రిస్తాయి. అందుకే పోవడానికి 2:50, రావడానికి 3:10 అని కనిపిస్తుంది. "పావుగంట ముందే దించేశాం" అని పైలట్ చెప్పినప్పుడు చప్పట్లు కొట్టబోయే ముందు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

తొమ్మిదో పని: గడియారం

స్పెయిన్ కంటే గ్రీసు ఒక గంట ముందు. పదింటికి బయల్దేరి 2:50 కలిపితే స్పెయిన్ గడియారంలో 12:50, గ్రీసులో 1:50. తిరుగు ప్రయాణంలో గ్రీసులో పదింటికి 3:10 కలిపితే 1:10, స్పెయిన్‌లో 12:10. మేనల్లుడి పజిల్ విడిపోయింది. పద్ధతి ఒక్కటే: ముందు బయల్దేరే ఊరి సమయంలోనే మొత్తం కలపండి, ఆఖరున మాత్రమే గంట మార్చండి. రెండూ ఒకేసారి చేయబోతే తికమక ఖాయం.

నిజానికి సూర్యుణ్ణి బట్టి చూస్తే ఈ రెండు ఊళ్ల మధ్య గంటన్నర తేడా ఉండాలి. పదిహేను డిగ్రీలకు ఒక గంట కదా, మన తేడా దాదాపు 22 డిగ్రీలు. స్పెయిన్ లండన్ సమయంలోనే ఉండాల్సింది, 1940 మార్చిలో నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారం ఒక గంట ముందుకు జరిపి అలాగే ఉంచేసింది. బార్సిలోనాలో వేసవిలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉండటానికి ఇదీ ఒక కారణం.

యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబరు ఆఖరి ఆదివారం ఒకేసారి గడియారాలు మారుస్తాయి కాబట్టి స్పెయిన్–గ్రీసు తేడా ఏడాదంతా గంటే. యూనియన్ దాటితే జాగ్రత్త. టర్కీ 2016 నుంచి గడియారం మార్చడం మానేసింది, అందుకే ఏథెన్స్, ఇస్తాంబుల్ వేసవిలో ఒకే సమయం, చలికాలంలో గంట తేడా. ట్యునీషియా కూడా మార్చదు. ఈజిప్టు 2023లో మళ్లీ మార్చడం మొదలుపెట్టింది, కానీ తేదీలు యూరప్‌వి కావు. ఇంటికి ఫోన్ చెయ్యాలంటే: మనకంటే బార్సిలోనా చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనక. ఏథెన్స్ ఇంకో గంట దగ్గర. ఏథెన్స్‌లో రాత్రి పదింటికి "క్షేమంగా దిగాను" అని ఫోన్ చేస్తే ఇంట్లో అర్ధరాత్రి దాటి ఉంటుంది, మెసేజ్ పెట్టడం మేలు.

పదో పని: గుమ్మం నుంచి గుమ్మానికి

ప్లాన్ వేసుకోవడానికి అసలు కావలసింది ఈ లెక్కే. బార్సిలోనా ఊళ్లోంచి ఎల్ ప్రాట్‌కి నలభై నిమిషాలు వేసుకోండి. టెర్మినల్ ముందే చూసుకోండి: లోకల్ రైలు రెండో టెర్మినల్‌కే పోతుంది, మొదటి టెర్మినల్‌కి అక్కణ్ణుంచి ఉచిత బస్సు ఎక్కాలి. తొమ్మిదో నంబరు మెట్రో రెండింటికీ పోతుంది. విమానాశ్రయంలో రెండు గంటలు. గాల్లో, నేల మీద కలిపి 2:50. దిగి, పెట్టె తీసుకునేసరికి అరగంట. స్పెయిన్, గ్రీసు రెండూ షెంగెన్ (తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసుకున్న) దేశాలే కాబట్టి పాస్‌పోర్టు క్యూ ఉండదు, అయినా పాస్‌పోర్టు, స్పెయిన్‌లో ఉండేవాళ్లు రెసిడెన్స్ కార్డు జేబులోనే ఉంచుకోండి. ఏథెన్స్ మెట్రో మూడో లైను సుమారు 36 నిమిషాలకు ఒకటి చొప్పున వస్తుంది, సగటున ఒక ఇరవై నిమిషాలు ఎదురుచూపు వేసుకోండి. ఊరి నడిబొడ్డున ఉన్న సింటాగ్మా చౌరస్తా దాకా నలభై నిమిషాలు. విమానాశ్రయానికి విడిగా టికెట్ ఉంటుంది, ఊళ్లో తిరిగే మామూలు టికెట్ చెల్లదు.

మొత్తం ఏడు గంటలు. 1904ని ఏడుతో భాగిస్తే గంటకు 272 కిలోమీటర్లు. 830తో ఎగిరిన విమానం కాస్తా, గుమ్మం లెక్కకి వచ్చేసరికి వేగంగా పోయే రైలు స్థాయికి దిగిపోయింది.

దారిలో ఇస్తాంబుల్‌లోనో కైరోలోనో ట్యూనిస్‌లోనో రెండు రోజులు ఆగి మళ్లీ యూరప్‌లోకి రావాలనుకునే మనవాళ్లు ఒక పని ముందే చెయ్యాలి. టూరిస్టు వీసా మీద ఎన్నిసార్లు ప్రవేశం అని రాసి ఉందో చూడండి. ఒక్కసారే అని ఉంటే ఏథెన్స్ నుంచి ఇస్తాంబుల్ వెళ్లడంతోనే ఆ వీసా పని అయిపోతుంది, రోమ్‌కి తిరిగి రానివ్వరు. దూరం గంటంపావే అయినా.

నేరు విమానం వేసవిలో ఉండి చలికాలంలో మాయమయ్యే జంటలు మధ్యధరాలో చాలా ఉన్నాయి. విమానాల వేసవి టైమ్‌టేబుల్ మార్చి ఆఖరి ఆదివారం మొదలై అక్టోబరు ఆఖరి ఆదివారానికి ముందు రోజుతో ముగుస్తుంది. నవంబరు ప్రయాణానికి ఆగస్టు టైమ్‌టేబుల్ చూసి లెక్క వెయ్యకండి. మధ్యలో మారాల్సి వస్తే పై పదిలో రెండు నుంచి ఎనిమిది దాకా ప్రతి ముక్కకీ విడిగా చెయ్యాలి, అరగంట కూడా రెండుసార్లు కలపాలి. రెండు టికెట్లూ విడివిడిగా కొంటే మధ్యలో కనీసం మూడు గంటలు వదలండి. మొదటిది ఆలస్యమైతే రెండోదాన్ని ఎవరూ ఆపరు.

రాత్రి పొద్దుపోయి దిగేవాళ్లకు: ఏథెన్స్ మెట్రో అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతుంది. ఎక్స్95 అనే బస్సు మాత్రం రాత్రంతా సింటాగ్మాకి నడుస్తుంది, గంట పడుతుంది.